విమానం చక్రం కదలని గంటలకు జీతమెంత? క్యాబిన్ క్రూ ఒప్పందాల్లో చదవాల్సినవి

హైదరాబాద్ నుంచి రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడికి వచ్చే ఏటీఆర్ విమానంలో 78 సీట్లుంటాయి. 50 సీట్లకు ఒకరు చొప్పున క్యాబిన్ క్రూ ఉండాలన్నది మన దేశంలో నిబంధన కాబట్టి అందులో ఇద్దరు పనిచేస్తారు. వాళ్ళ రోజు లెక్క ఒకసారి వేసి చూద్దాం. రాజమండ్రికి రెండుసార్లు వచ్చి వెళ్ళే డ్యూటీ, అంటే నాలుగు సెక్టార్లు అనుకుందాం. ఒక్కో సెక్టారు గంటా పావు. చక్రం కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా లెక్కేస్తే మొత్తం ఐదు గంటలు. కానీ మొదటి ఫ్లైటుకు గంట ముందే రిపోర్టు చేయాలి. మధ్యలో మూడుసార్లు విమానం అరగంట చొప్పున నేల మీద ఆగుతుంది. ఆ అరగంటలో దిగేవాళ్ళను దింపాలి, సీటు జేబులు వెతకాలి, బెల్టులు సర్దాలి, ఎక్కేవాళ్ళను కూర్చోబెట్టాలి, పైఅరల్లో పట్టని బ్యాగులకు చోటు చూడాలి. ఆఖరి ఫ్లైటు దిగాక ఇంకో అరగంట. అన్నీ కలిపితే ఎనిమిది గంటల డ్యూటీ.

ఫ్లయింగ్ అలవెన్సును చక్రం కదిలిన గంటల మీదే ఇచ్చే సంస్థలో ఈ ఎనిమిదిలో లెక్కకు వచ్చేవి ఐదే. మిగతా మూడు గంటలు బేసిక్ జీతంలో కలిసిపోయాయా, వాటికి వేరే రేటు ఉందా, అసలు లెక్కలోకే రావా అన్నది ఒప్పందంలో ఉంటుంది. దాన్ని చదవకపోతే నెలాఖరున ఖాతాలో ఎంత పడితే అంతే జీతం అనుకోవాలి. చదివితే సరిచూసుకోవచ్చు.

జీతాలతో పాటు ఈ నేల మీది గంటల కోసం 2025 ఆగస్టు 16న ఎయిర్ కెనడాలో దాదాపు 10,000 మంది క్యాబిన్ క్రూ సమ్మెకు దిగారు. గంటల్లోనే అక్కడి ప్రభుత్వం పనిలోకి వెళ్ళమని ఆదేశించింది. వాళ్ళు వెళ్ళలేదు. ఆగస్టు 19న రాజీ కుదిరింది. నేల మీద చేసే పనికి డబ్బు ఇవ్వాలన్న విషయం దాంతో ప్రపంచమంతా చర్చకు వచ్చింది. అంతకు ముందే, 2024లో కుదిరిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఒప్పందంలో ప్రయాణికులు ఎక్కే సమయానికి కూడా చెల్లింపు చేరింది. అక్కడి సిబ్బంది ఇంత దూరం రాగలిగారంటే తమ ఒప్పందంలో ఏ గంటకు ఎంత రాసి ఉందో వాళ్ళలో చాలామందికి తెలుసు కాబట్టే.

మిగతా ఉద్యోగాలకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. బ్యాంకులో కొత్తగా చేరినవాళ్ళకు అనుమానం వస్తే పక్క సీట్లో సీనియర్ ఉంటారు. ఆర్టీసీ కండక్టరుకు డిపోలో యూనియన్ నాయకుడు దొరుకుతాడు. క్యాబిన్ క్రూకు అలాంటి చోటు లేదు. ఇవాళ కలిసి ఎగిరినవాళ్ళు మళ్ళీ నెల దాకా కనపడకపోవచ్చు. స్టాండ్‌బైలో, అంటే పిలిస్తే రావడానికి సిద్ధంగా ఉండగా రాత్రి రెండింటికి ఫోన్ వస్తుంది: ఇంకో సెక్టారు చేయాలి, క్యాబ్ బయల్దేరింది అని. నిన్నటి డ్యూటీ తర్వాత రావలసిన విశ్రాంతి పూర్తయిందా, స్టాండ్‌బై గంటలు డ్యూటీలో కలుస్తాయా, వద్దంటే ఆబ్సెంట్ వేస్తారా? ఇవన్నీ ఆ నిమిషంలోనే తేలాలి. ఆ వేళకు యూనియన్ ప్రతినిధి నిద్రలో ఉంటారు, హెచ్ఆర్ వాళ్ళు తెల్లారి పదింటికి గానీ రారు. ఒప్పందం ముందే తెలిసి ఉంటేనే ఆ ఫోన్లో పనికొస్తుంది. తెల్లారాక తెలిసిన హక్కుతో ఫిర్యాదు చేసుకోవచ్చు గానీ పోయిన నిద్ర తిరిగి రాదు.

పాలకొల్లు, తణుకు, అమలాపురం, కాకినాడ వైపు నుంచి ఇంటరో డిగ్రీయో అయిన పిల్లలు ఈ ఉద్యోగాల కోసం రాజమండ్రిలోనో హైదరాబాద్‌లోనో కోచింగ్ తీసుకుంటున్నారు. అక్కడ నడక నేర్పుతారు, ఇంగ్లీషు నేర్పుతారు, జుట్టు ఎలా ముడవాలో నేర్పుతారు. అపాయింట్‌మెంట్ లెటర్ ఎలా చదవాలో మాత్రం పాఠంగా చెప్పడం అరుదు. అందుకు ఒక్క పూట కేటాయించినా ఎంతో మేలు. పేజీలకు పేజీల ఇంగ్లీషు కాగితం ముందు పెట్టి, బయట ఇంకో నలభై మంది వెయిటింగ్‌లో ఉండగా సంతకం చేయమంటే, ఇరవయ్యేళ్ళ అమ్మాయి చదువుతూ కూర్చోగలదా?

కాగితం విలువ గోదావరి జిల్లాల్లో కౌలు రైతుకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నోటి మాట మీద ఎకరాలు కౌలుకు తిరుగుతాయి. వరదకు చేను మునిగి పరిహారం అడిగిన రోజున మాత్రం కాగితం ఏదంటారు. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల కార్డు ఇచ్చేలా ఏర్పాటు చేసింది ఈ ఇబ్బంది చూసే. ఆ ఇళ్ళలోంచే వెళ్ళిన పిల్లల చేతిలో ఇప్పుడు కాగితం ఉంది. దాన్ని చదివినవాళ్ళే తక్కువ.

ఏ కాగితం మీద ఏది

హక్కులన్నీ ఒకేచోట ఉండవు. అన్నిటికీ కింద చట్టం ఉంటుంది. దానితో పాటు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన నిబంధనలు: ఫ్లయింగ్ గంటలకు పరిమితి, డ్యూటీల మధ్య కనీస విశ్రాంతి. ఆ పైన యూనియన్, యాజమాన్యం కుదుర్చుకున్న సెటిల్‌మెంట్ ఉంటే అది. ఆ తర్వాత ఎవరి అపాయింట్‌మెంట్ లెటర్ వాళ్ళది. చివరగా కంపెనీ మాన్యువళ్ళు, మెయిళ్ళు, సర్క్యులర్లు. పైన వచ్చే కాగితం కింద ఉన్న హక్కును పెంచవచ్చు, తగ్గించకూడదు. ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలని 2017 సవరణ చెప్పింది. సెటిల్‌మెంట్‌లో 30 వారాలు రాసుకుంటే చెల్లుతుంది. లెటర్‌లో 20 అని రాసి సంతకం తీసుకుంటే ఆ సంతకం చెల్లదు.

ఈ వరసలో జనం ఎక్కువగా వదిలేసేది సెటిల్‌మెంటునే. అది తమకు వర్తించదని కొత్తవాళ్ళు అనుకుంటారు. కార్మిక శాఖ అధికారి సమక్షంలో రాజీగా కుదిరిన సెటిల్‌మెంట్ ఆ సంస్థలోని కార్మికులందరికీ వర్తిస్తుంది. యూనియన్‌లో సభ్యత్వం లేనివాళ్ళకూ, రేపు చేరబోయేవాళ్ళకూ కూడా. అధికారి ప్రమేయం లేకుండా రెండు పక్షాలూ విడిగా రాసుకున్న ఒప్పందం మాత్రం రాసుకున్నవాళ్ళకే పరిమితం. అందుకే సెటిల్‌మెంట్ చేతికొస్తే అందులో అంకెల కంటే ముందు, అది ఎవరి సమక్షంలో కుదిరిందో చూడాలి. గడువు ముగిసినంత మాత్రాన అది చచ్చిపోదు కూడా. ముగిస్తున్నామని ఒక పక్షం రాతపూర్వకంగా నోటీసిచ్చి 60 రోజులు గడిచేదాకా అమల్లోనే ఉంటుంది. "ఆ ఒప్పందం ఎప్పుడో అయిపోయిందండీ" అని మేనేజర్ అంటే, నోటీసు ఎప్పుడిచ్చారని అడిగే వీలుంటుంది.

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పారిశ్రామిక వివాదాల చట్టం, ట్రేడ్ యూనియన్ల చట్టం, స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, ఈ మూడింటి స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 2020 వచ్చింది. ఒక సంస్థలో 51 శాతం కార్మికుల మద్దతు ఉన్న యూనియన్‌ను బేరమాడే యూనియన్‌గా గుర్తించాలి. అంత మద్దతు ఎవరికీ లేకపోతే 20 శాతానికి తగ్గకుండా మద్దతున్న యూనియన్లతో ఒక మండలి ఏర్పడుతుంది. మన ప్రైవేటు ఎయిర్‌లైన్స్‌లో చాలా చోట్ల గుర్తింపు ఉన్న యూనియనే లేదు కాబట్టి ఈ అంకెలు క్యాబిన్ క్రూకు చాలా ముఖ్యం.

జీతం, అలవెన్సులు, పని గంటలు, విశ్రాంతి, సెలవుల్లో మార్పు తేవాలంటే యాజమాన్యం 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న నియమం పాత చట్టంలో ఉండేది, కొత్త కోడ్‌లోనూ ఉంది. అలవాటుగా ఇస్తున్న సౌకర్యాన్ని తీసేయడం కూడా ఆ జాబితాలో ఉంది. 2024 చివర్లో ఎయిర్ ఇండియా, కొన్ని వర్గాల సిబ్బంది లేఓవర్ (డ్యూటీల మధ్య వేరే ఊళ్ళో బస) హోటల్లో గది పంచుకోవాలని నిర్ణయించింది. ఆలిండియా క్యాబిన్ క్రూ అసోసియేషన్ దీన్ని కార్మిక శాఖ దృష్టికి తీసుకెళ్ళింది. ఒక వివాదం కార్మిక వివాదాలు తేల్చే ట్రిబ్యునల్ ముందు ఉండగా పని షరతులు మార్చకూడదన్నది వాళ్ళ వాదన. బయటివాళ్ళకు ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. రాత్రి మూడింటికి పడుకునేవాళ్ళూ, అదే వేళకు అలారం మోగేవాళ్ళూ ఒకే గదిలో ఉంటే మర్నాడు ఇద్దరికీ నిద్ర ఉండదు. విమానంలో మంట లేస్తే తలుపు తెరవాల్సింది ఆ ఇద్దరే.

2024 మే నెలలో జరిగినది

ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో జరిగింది దగ్గరగా చూడాల్సిన విషయం. మరో సంస్థతో విలీనం నడుస్తున్న రోజులవి. అలవెన్సులు తగ్గాయనీ, సీనియర్లను సమానంగా చూడటం లేదనీ సిబ్బంది యూనియన్ అప్పటికే కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది. మే 7 రాత్రి నుంచి వందల మంది ఒక్కసారిగా ఒంట్లో బాగోలేదంటూ సెలవు పెట్టారు. వందకు పైగా విమానాలు రద్దయ్యాయి. సంస్థ దాదాపు 25 మందిని ఉద్యోగంలోంచి తీసేసింది. మే 9న ఢిల్లీలో కేంద్ర కార్మిక శాఖ అధికారుల ముందు రెండు పక్షాలూ కూర్చున్నాయి. తీసేసినవాళ్ళను వెనక్కి తీసుకుంటామని యాజమాన్యం, వెంటనే పనిలో చేరతామని సిబ్బంది ఒప్పుకున్నారు.

రెండు రోజుల్లో ఉద్యోగాలు వెనక్కి రావడానికి కారణం సిబ్బంది సంఖ్య ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఫిర్యాదు ముందే కార్మిక శాఖ ఫైల్లో ఉంది. మాట్లాడటానికి రిజిస్టరైన యూనియన్ ఉంది. ఏ అధికారి దగ్గరికి వెళ్ళాలో వాళ్ళకు తెలుసు. ఈ ఆఖరి విషయం ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకు కూడా తెలియాలి. విమానయాన సంస్థల వివాదాలు రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోకి రావు, కేంద్రం పరిధిలోకి వస్తాయి. కూతురిని ఉద్యోగంలోంచి తీసేశారని కాకినాడ లేబర్ ఆఫీసుకు వెళ్తే అక్కడివాళ్ళు చేయగలిగింది లేదు. వెళ్ళాల్సింది కేంద్ర చీఫ్ లేబర్ కమిషనర్ కింద పనిచేసే ఆఫీసుకు, మామూలుగా ఆమె డ్యూటీలు మొదలయ్యే (బేస్) నగరంలో.

అలా మూకుమ్మడిగా సిక్ లీవ్ ఇవాళ పెడితే ఏమవుతుంది? కొత్త కోడ్ ప్రకారం సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రాజీ చర్చలు నడుస్తుండగా, ముగిసిన ఏడు రోజుల దాకా సమ్మె చేయకూడదు. సగం మంది, అంతకు మించి కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెట్టినా సమ్మె కిందే లెక్క. చట్టవిరుద్ధ సమ్మెలో పాల్గొన్న కార్మికుడికి రూ.1,000 నుంచి రూ.10,000 దాకా జరిమానా, నెల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. సిక్ లీవ్ క్యాజువల్ లీవ్ ఒకటి కాదని వాదించవచ్చు గానీ, ఆ వాదన గెలిచేదాకా ఉద్యోగం ఊగిసలాడుతుంది. వాట్సాప్ గ్రూపులో "రేపు అందరం సిక్ పెడదాం" అన్న మెసేజ్‌కు బొటనవేలు గుర్తు పెట్టే ముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

గడువులు, గర్భం, హోదా

హక్కు ఉండి కూడా ఎక్కువమంది పోగొట్టుకునేది గడువు దాటిపోవడం వల్ల. ఉద్యోగంలోంచి తీసేస్తే ట్రిబ్యునల్‌కు వెళ్ళడానికి పాత చట్టంలో మూడేళ్ళుండేది, కొత్త కోడ్ దాన్ని రెండేళ్ళకు తగ్గించింది. 20 మంది, ఆపైన పనిచేసే ప్రతి సంస్థలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. సంగతి జరిగిన ఏడాదిలోగా దాని ముందుకు వెళ్ళాలి. లైంగిక వేధింపుల మీద ఫిర్యాదుకు 2013 చట్టం ఇచ్చిన సమయం మూడు నెలలే. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచవచ్చు. ఉద్యోగ రీత్యా వెళ్ళిన ఏ చోటైనా, సంస్థ ఏర్పాటు చేసిన వాహనమైనా ఆ చట్టం దృష్టిలో పనిచేసే చోటే. అంటే లేఓవర్ హోటల్ లాబీ, తెల్లవారుజామున ఎక్కించుకునే క్యాబ్ కూడా. "అది ఆఫీసులో జరగలేదు కదా" అన్న మాట చెల్లదు.

అన్యాయమైన ఆదేశం వచ్చినప్పుడు అక్కడికక్కడే కాదనడం కంటే, చేసి తర్వాత ఫిర్యాదు పెట్టడమే మంచిదని చాలా చోట్ల యూనియన్ వాళ్ళు చెబుతారు. కాదంటే అసలు గొడవ పక్కకు పోయి ఆజ్ఞ ధిక్కరించారన్న ఆరోపణ ముందుకు వస్తుంది. భద్రతకు సంబంధించిన విషయాల్లో మాత్రం ఈ సలహా పనికిరాదు. విశ్రాంతి గంటలు పూర్తి కాకుండా ఎగరమనడం, ఒంట్లో సత్తువ లేనప్పుడు ఎగరమనడం అలాంటివి. అప్పుడు ఫోన్లో వాదించే బదులు "ఈ డ్యూటీ తీసుకుంటే నా విశ్రాంతి ఇన్ని గంటలే అవుతోంది, సరిచూసి చెప్పండి" అని ఒక మెసేజ్ పెడితే చాలు. అవతలివాళ్ళు రాతలో జవాబు చెప్పాల్సి వస్తుంది. రోస్టర్ మారిన ప్రతిసారీ పాతదాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. యాప్‌లో కొత్తది వచ్చాక పాతది కనపడకుండా పోవచ్చు.

పెళ్ళి, గర్భం విషయంలో ఈ వృత్తి చాలా దూరం నడిచి వచ్చింది. ఒకప్పుడు ఎయిర్ ఇండియాలో ఎయిర్‌హోస్టెస్ మొదటిసారి గర్భవతి అయితే ఉద్యోగం పోయేది. 35 ఏళ్ళకు రిటైర్మెంట్, ఆపైన పొడిగింపు మేనేజింగ్ డైరెక్టర్ ఇష్టం. నర్గీస్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు 1981లో గర్భం నిబంధననూ, డైరెక్టర్ ఇష్టానికి వదిలిన అధికారాన్నీ కొట్టేసింది. చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకోకూడదన్న షరతును మాత్రం ఉంచేసింది. ఇవాళ చదివితే ఆ భాగం బాధ కలిగిస్తుంది. ఇప్పుడు గర్భవతిని తీసేయడం చట్టవిరుద్ధం. కానీ గర్భం తెలియగానే ఎగరడం ఆగుతుంది, దాంతో ఫ్లయింగ్ అలవెన్సూ ఆగుతుంది. ప్రసూతి సెలవు మొదలయ్యేదాకా ఆ నెలల్లో నేల మీద పని ఇస్తారా, ఇస్తే ఏ జీతం మీద, ఇవ్వకపోతే జీతం లేని సెలవా? చట్టం పెద్దగా పట్టించుకోని ఈ ఖాళీని ఒప్పందమే పూడ్చాలి. పెళ్ళయిన, పెళ్ళి కాబోతున్న ప్రతి అమ్మాయీ ముందుగా తిప్పి చూడాల్సిన పేజీ ఇదే.

ప్రమోషన్ వచ్చినప్పుడు ఇంకో చిక్కు. క్యాబిన్ ఇన్‌ఛార్జ్ అయ్యాక "నువ్విప్పుడు మేనేజ్‌మెంట్, యూనియన్ నీకు వర్తించదు" అంటారు. సూపర్‌వైజరీ పని చేస్తూ నెలకు రూ.18,000 మించి తీసుకునేవాళ్ళు కార్మికుల నిర్వచనంలోకి రారన్నది నిజం. కానీ కోర్టులు చూసేది బ్యాడ్జి మీద పేరును కాదు, రోజూ చేసే పనిని. సెలవు మంజూరు చేసే అధికారం, శిక్ష వేసే అధికారం లేకుండా, అందరితో పాటు ట్రాలీ తోసే వ్యక్తిని మేనేజర్ అనేస్తే సరిపోదు.

ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళది, అంటే ఇంకా పర్మనెంట్ కాని కొత్తవాళ్ళది అన్నిటికంటే నాజూకైన పరిస్థితి. 2008 అక్టోబరులో జెట్ ఎయిర్‌వేస్ దాదాపు 1,900 మందిని తీసేయాలని నిర్ణయించి, దేశమంతా గొడవయ్యాక వెనక్కి తగ్గింది. పోయేవాళ్ళ జాబితాలో కొత్తగా చేరిన క్యాబిన్ క్రూ ఎక్కువ.

గల్ఫ్ ఎయిర్‌లైన్స్‌లో చేరే పిల్లల సంగతి వేరు. కోనసీమకు, నరసాపురం వైపు ఊళ్ళకు గల్ఫ్ కొత్త కాదు. ఏజెంటు మాటకూ అక్కడి కాగితానికీ తేడా ఎంతుంటుందో ఆ ఇళ్ళకు బాగా తెలుసు. యూఏఈలో, ఖతార్‌లో విదేశీ ఉద్యోగులకు యూనియన్ పెట్టుకునే వీల్లేదు. బేరమాడే సంఘం లేనప్పుడు విడి ఒప్పందమే సర్వం. గర్భం వస్తే ఉద్యోగం దానంతటదే ముగిసే వీలున్న ఖతార్ ఎయిర్‌వేస్ నిబంధనను 2015లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వివక్షగా తేల్చింది. పాస్‌పోర్టు ఎవరైనా దగ్గర పెట్టుకుంటామంటే, అది భారత ప్రభుత్వ ఆస్తి అని 1967 పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ చెబుతోందని గుర్తుంచుకోవాలి.

ఇంట్లోవాళ్ళు నేరుగా చిక్కుకునేది బాండ్‌లో. ట్రైనింగ్ ఖర్చు పెట్టాం కాబట్టి ఇన్నేళ్ళు పనిచేయాలి, మధ్యలో మానేస్తే ఇంత కట్టాలి అని రాయించుకుంటారు. ఇలాంటి షరతు దానంతటదే చెల్లనిదేమీ కాదు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్ళలోపు మానేస్తే రూ.2 లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం అవతలివాళ్ళకు దక్కేది న్యాయమైన పరిహారమే, కాగితం మీద రాసిన అంకె దానికి పైహద్దు. కాబట్టి చూడాల్సినవి: నెలలు గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతుందా, సంస్థే తీసేసినా కట్టాలా, ఒంట్లో బాగోక ఎగరలేకపోతే ఏమిటి?

ఆ బాండ్ మీద జామీను సంతకం మాత్రం తండ్రో మేనమామో పెడతారు, పేరుకే కదా అనుకుని. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, వేరుగా రాసుకోకపోతే, జామీనుదారు బాధ్యత అసలు వ్యక్తి బాధ్యతతో సమానం. అమ్మాయిని అడగకుండా నేరుగా మేనమామకే నోటీసు పంపవచ్చు. జామీను ఇంత మొత్తానికి, ఇన్ని నెలలకు అని ఒక వాక్యం చేర్పిస్తే ఆ ప్రమాదం అంతటితో ఆగుతుంది. ఆ వాక్యం అడగడానికి సమయం సంతకానికి ముందే.